ఏంకాదక్క

చెప్పుల ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆడవాళ్ళందరికీ ఆమె ఏంకాదక్క. ఎవరికి కళ్ళు తిరిగినా, ఎవరి గుండె దడదడలాడినా పక్కనున్నవాళ్ళు ముందు నీళ్ళ కోసం పరిగెత్తేవాళ్ళు కాదు, డబ్బాల గది వైపు తిరిగి కేకేసేవాళ్ళు. ఆమె చేతిలోని అట్టపెట్టె కింద పెట్టి, చేతులు దులుపుకుంటూ, ఏదో పక్కింటికి పిలుపొచ్చినట్టు తాపీగా వచ్చేది.

ఒకసారి కొత్తగా చేరిన పిల్ల ఒకతె సూపర్వైజరు అరిచిన అరుపుకి బిగుసుకుపోయింది. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. పెదాల చుట్టూ తిమ్మిరి. ఊపిరందడం లేదని గొంతు పట్టుకుంది. మూగినవాళ్ళలో ఒకరు పక్షవాతమన్నారు, ఇంకొకరు ఫిట్సన్నారు.

"జరగండమ్మా పక్కకి! ఉన్న గాలంతా మీరే పీల్చేస్తే దానికేం మిగులుతుంది?" అంటూ ఏంకాదక్క ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఇటు చూడవే. నా మొహం బాగాలేకపోయినా చూడు. ముక్కుతో తీసుకో, మెల్లగా. ఇప్పుడు వదులు. పొయ్యి ఊదినట్టు కాదే, వేడి టీ చల్లార్చుకున్నట్టు వదులు. చచ్చిపోతానేమో అనిపిస్తోంది కదా? ఏం కాదు. నేను చాలాసార్లు చచ్చిపోయాను, చూడు ఎలా గుండ్రాయిలా ఉన్నానో."

ఏడుస్తున్న పిల్ల ఏడుపులోనే నవ్వింది. కాసేపటికి వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి.

ఆమె ఊరికే చెప్పే మాట కాదది. చెల్లెలు చిన్న జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళి తిరిగి రాని ఏడాది, ఏంకాదక్కకు బస్సులో మొదటిసారి ప్రాణం పోయినంత పనయింది. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది, చేతులు మొద్దుబారాయి, కాళ్ళ కింద నేల జారింది. ఆ తర్వాత సంతలో, స్నానాల గదిలో, మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నచోటే వచ్చేది. మందుల షాపువాడు నరాల బలహీనత అన్నాడు. మన మాటల్లో అన్నీ నరాలే కదా. సూది గుచ్చేదీ నరమే, మెడ పట్టేసేదీ నరమే, కోపమొస్తే నుదుటి మీద ఉబ్బేదీ నరమే. అందుకని నరాల బలానికి టానిక్కులు తాగించారు, ఇంజెక్షన్లు పొడిపించారు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో ఒక ముసలి డాక్టరు గుండె, రక్తం, తల అన్నీ పరీక్ష చేయించి, ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు: "నీ నరాలకేం కాలేదమ్మా. నీకొచ్చింది భయం. భయం కూడా జబ్బే, నటన కాదు. భయమేసినప్పుడు నువ్వు అవసరానికి మించి గాలి పీల్చి వదిలేస్తున్నావు. వేళ్ళ తిమ్మిరి అందుకే. ఏం కాదు." ఊపిరి నెమ్మది చేసుకోవడం ఆయనే నేర్పాడు. కొన్ని నెలలకు ఆమె మళ్ళీ మనిషయింది. ఆ చివరి మాటను తనతో ఇంటికి తెచ్చుకుంది.

ఆ ఇంట్లో ఆమె కోసం చూసే మనిషి ఒక్కతే ఉండేది. చెల్లెలి కూతురు. ఆ పిల్ల తండ్రి ఎప్పుడో వేరే కాపురం పెట్టుకున్నాడు. ఏంకాదక్కకు పిల్లల్లేరు, మొగుడున్నాడనడానికి మేకుకి తగిలించిన పాత చొక్కా తప్ప ఇంకో ఆనవాలు లేదు. సన్నగా, చురుగ్గా, ఒకచోట నిలవని ఆ పిల్లను పిట్ట అని పిలిచేది. పిట్టకు అమ్మ మొహం గుర్తులేదు. దెబ్బ తగిలినా, చీకటికి భయపడినా, పరీక్ష తప్పినా పెద్దమ్మ నోట ఆ ఒక్క మాట వింటే చాలు, కళ్ళు తుడుచుకుని లేచిపోయేది. పెద్దమ్మ ఏం కాదంటే ఏమీ కాదు. పిట్ట పెరిగిందే ఆ నమ్మకం మీద.

చదువు ఆగాక పిట్ట కూడా అదే ఫ్యాక్టరీలో చేరింది. డబ్బాల గదిలో ఖాళీ లేదని అతుకుల గదిలో వేశారు. పై తోలుకీ అడుగు అట్టకీ బ్రష్షుతో గమ్ము పూసి, అది చేతికి అంటీ అంటనట్టు ఆరేదాకా చూసి, రెండూ కలిపి నొక్కడం అక్కడి పని. ఫ్యాను వేస్తే గమ్ము ముందే ఆరిపోతుంది, కిటికీ తీస్తే దుమ్ము అంటుకుంటుంది. అందుకని ఆ గదికి ఫ్యానూ లేదు, కిటికీలున్నా రెక్కలు తెరుచుకోకుండా మేకులు కొట్టేశారు. సరుకు చెడిపోకూడదు. గదిలో మనుషులు కూడా ఉంటారన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. తలుపు తీస్తే తియ్యటి ఘాటు ముక్కుకి కొట్టేది. మొదట్లో తల దిమ్మెక్కేది, తర్వాత అలవాటయ్యేది. "కొందరు డబ్బులిచ్చి మత్తెక్కించుకుంటారు, మనకి జీతమిచ్చి మరీ ఎక్కిస్తున్నారే," అని ఆ గది ఆడవాళ్ళు జోకులేసుకునేవాళ్ళు.

కొత్త రకం గమ్ము వచ్చిన తర్వాతి వర్షాకాలంలో, బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పెద్దమ్మ ఆగిపోయింది.

"ఏమే, నీ కుడికాలి చెప్పు ఏదీ?"

పిట్ట కిందికి చూసుకుంది. కుడి పాదం వట్టిదే. వెనక్కి తిరిగి చూస్తే, రోడ్డు మలుపు దగ్గర బురదలో బోర్లా పడి ఉంది చెప్పు.

"ఊడిపోయినట్టే తెలీలేదు పెద్దమ్మా."

"చెప్పులు చేసేదానివి, కాలికి చెప్పుందో లేదో తెలీదా? మీ ఓనరు వింటే గుండాగి చస్తాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక పిట్ట అంది: "పాదాలు ఒకటే తిమ్మిరిగా ఉంటున్నాయి. మేజోళ్ళు వేసుకుని నడుస్తున్నట్టుంటుంది. నాకేమన్నా అవుతోందా?"

పెద్దమ్మ గుండె ఒక్క క్షణం తన చెల్లెలు పోయిన ఏడాదిలోకి వెళ్ళొచ్చింది. ఆ తిమ్మిరి తనకు తెలుసు. ఆ మొద్దుబారడం తెలుసు. అమ్మలేని పిల్ల, ఫ్యాక్టరీలో రోజూ అరుపులు, లోపల ఎంత భయం దాచుకుందో అనుకుంది. ఇంటికెళ్ళగానే ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ముక్కుతో తీసుకో, మెల్లగా వదులు.

"ఎలా ఉంది?"

"తగ్గింది పెద్దమ్మా."

తగ్గలేదు. ఆ సంగతి పిట్ట చాలాకాలానికి గాని చెప్పలేదు. పెద్దమ్మ అంత శ్రద్ధగా చేయిస్తుంటే తగ్గలేదని ఎలా అంటాం, నాదే సరిగ్గా కుదరడం లేదనుకున్నాను అంది. రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, లేని భయాన్ని బుద్ధిగా వదిలించుకునేది. మేజోళ్ళు మాత్రం మోకాళ్ళ వైపు పాకుతూ వచ్చాయి. తర్వాత చేతివేళ్ళకూ తిమ్మిరి పట్టింది.

అప్పటికి అతుకుల గదిలో ఈ తిమ్మిర్లు పిట్ట ఒక్కదానికే కాదు. పొడుగామె అని పిలిచే సీనియరు చేతిలోంచి బ్రష్షు జారిపోతోంది. ఇంకొకామె పీట మీద నుంచి లేవడానికి గోడ పట్టుకుంటోంది. అందరూ కలిసి వెళ్ళి అడిగితే యాజమాన్యం కంపెనీ డాక్టరును పిలిపించింది. ఆయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడిగాడు. నిద్ర పడుతోందా? ఇంట్లో గొడవలున్నాయా? ఒళ్ళంతా తిమ్మిరెక్కి, నడక తడబడుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఇల్లన్నాక ఎవరింట్లో గొడవ లేదు? అందరూ ఒకటే జవాబు చెప్పారు, ఆయన అందరికీ ఒకే జబ్బు రాశాడు. టెన్షన్. "ఒకరిని చూసి ఒకరు తెచ్చుకుంటున్నారు. ఆడవాళ్ళు కదా," అన్నాడు సూపర్వైజరుతో. ఒక్కరి కాలు పట్టి చూడలేదు. ఏం పూస్తున్నారు, ఏం పీలుస్తున్నారు అని అడగలేదు.

టెన్షన్ అనే మాట ఎంత అనువైన చీపురో ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళకు బాగా తెలుసు. ఆడదాని ఒంట్లో ఏ నొప్పి లేచినా దాంతో ఒక్క ఊపులో మూలకు ఊడ్చేయొచ్చు. గది బాగానే ఉంది, గమ్ము బాగానే ఉంది, నీ తలకాయే బాగాలేదు అని జీతంతో పాటు చేతిలో పెట్టొచ్చు. ఇందులో రెండు అన్యాయాలున్నాయి. ఒళ్ళు పాడైనవాళ్ళను భయమని పంపేయడం ఒకటి. నిజంగా భయం జబ్బుతో నలుగుతున్నవాళ్ళది ఉత్త వేషమన్నట్టు మాట్లాడటం రెండోది. రెండిట్లోనూ మనిషి మాట వినడమనేదే ఉండదు.

సూపర్వైజరు తెలివైనవాడు. ఎప్పుడూ గోడ మీది గడియారం వైపే చూస్తుంటాడని ఆడవాళ్ళు ఆయన్నే గడియారం అని పిలిచేవాళ్ళు. ఆయన డబ్బాల గదికొచ్చి మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, మీ చేతిలో మంచి గుణముంది. రోజూ కాసేపు అతుకుల గదిలో కూర్చుని వాళ్ళకి కాస్త ధైర్యం చెప్పండి. మీ పని ఇంకొకరికి అప్పజెబుతా."

ఆమెకు కుర్చీ కూడా వేశారు. ఫ్యాక్టరీలో ఆడమనిషికి కుర్చీ వేయడం అదే మొదలు. ఆమె పొంగిపోయింది. ఒకప్పుడు తనను పిచ్చిదని నవ్విన లోకం, ఇప్పుడు తనకు తెలిసిన సంగతి చెప్పమని బతిమాలుతోంది. మూసిన కిటికీల మధ్య, గమ్ము ఘాటులో, ఆమె అందరి చేతా మెల్లగా, నిండుగా గాలి పీల్పించింది. దీన్ని రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. కానీ జరిగింది అదే.

పొడుగామె ఒక్కతే ఎదురు తిరిగింది. "భయమైతే వచ్చి పోవాలి కదే. నాకు పొద్దున లేచేసరికే ఉంటుంది, సెలవునాడూ ఉంటుంది, నవ్వుతున్నా ఉంటుంది. నీకూ ఇలాగే ఉండేదా?"

ఏంకాదక్క ఆలోచించింది. ఉండేది కాదు. తనకు అలలా వచ్చేది, విరిగిపోయేది, పోయాక ఒళ్ళు కడిగిన గిన్నెలా ఉండేది. నాలుకదాకా వచ్చిన ఆ మాటను మింగేసి, "ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందిలే. ఏం కాదు," అంది. ఆ రోజు పిట్ట పక్కనే ఉంది. తల ఊపింది.

చలి మొదలయ్యాక ఒక పొద్దున బస్సు మెట్టు ఎక్కబోయి పిట్ట ఎక్కలేకపోయింది. పాదం పైకి లేవలేదు. ముందరి వేళ్ళు కిందికి వేలాడుతుంటే, అదెవరి కాలో అన్నట్టు చూసుకుంది. వెనకవాళ్ళు "తొందరగా ఎక్కమ్మా" అని తోస్తే మెట్టుకి మొహం కొట్టుకుని పడింది. ఆ రోజు పెద్దమ్మ ఊపిరి పీల్చమనలేదు. భుజాన వేసుకున్నట్టే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ నరాల విభాగంలో ఉన్నావిడను రోగులు సుత్తి డాక్టరమ్మ అంటారు. వాగుతుందని కాదు, ఆవిడ మాట్లాడేదే తక్కువ. నిజంగానే చేతిలో రబ్బరు సుత్తి ఉంటుంది. ఆవిడ పిట్ట మడమ వెనక సుత్తితో తట్టింది. మళ్ళీ తట్టింది. పాదం కదల్లేదు. మోగుతున్న చిన్న ఇనుప కమ్మీ ఒకటి బొటనవేలి మీద పెట్టి "జుమ్మంటోందా?" అని అడిగింది. పిట్ట లేదంది. మడమల మీద నడవమంది. నడవలేకపోయింది. అప్పుడు ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని అంది:

"నువ్వేం పని చేస్తావు?"

పిట్ట చెప్పింది. కిటికీల గురించీ చెప్పింది. ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. కరెంటుతో నరాల పరీక్ష కూడా చేయించాక డాక్టరమ్మ ఇద్దరికీ కలిపి చెప్పింది.

"గమ్మును పలచన చేయడానికి కలిపే కొన్ని ద్రావణుల ఆవిరి నెలల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. పొడుగైన నరాలు ముందు పాడవుతాయి. అందుకే పాదాల్లో మొదలై పైకి పాకింది, తర్వాత చేతులకొచ్చింది. ఇక ఆ గదికి వెళ్ళకు."

"ఇది భయం వల్ల వచ్చింది కాదా అమ్మా?" పెద్దమ్మ గొంతు ఆమెకే వినపడనంత చిన్నగా ఉంది.

"భయం వల్ల వచ్చే తిమ్మిరి వచ్చి పోతుంది. బలం తగ్గినట్టు అనిపిస్తుంది గాని, కండ పట్టు అలాగే ఉంటుంది. ఎంత భయపడ్డవాళ్ళకైనా ఇక్కడ కొడితే పాదం ఎగురుతుంది, ఇంకా ఎక్కువే ఎగురుతుంది. ఇది ఎగరలేదు. ఇది భయపడి తెచ్చుకోగలిగేది కాదు. పైకి రెండూ ఒకేలా కనిపించొచ్చు, అందుకే చూసి, పరీక్ష చేసి తేల్చాలి. ముందే తెచ్చి ఉంటే బాగుండేది."

చివరి మాట ఆవిడ మామూలుగానే అంది. రోజూ ఎందరితోనో అనే మాటే. పెద్దమ్మ మాత్రం బల్ల అంచు పట్టుకుంది.

"తగ్గుతుందా?" అడిగింది పిట్ట.

"పని మానేసినా కొన్నాళ్ళు ఇంకా పెరుగుతుంది. తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

పిట్ట పెద్దమ్మ వైపు తిరిగింది. అలవాటు. ఆ మాట కోసం తిరిగింది. పెద్దమ్మ కిందికి వంగి, ఆ పిల్ల చెప్పులు వెతుకుతోంది.

విచారణ జరిగింది. పొడుగామె, ఇంకొందరు కలిసి పట్టుబడితే అధికారులొచ్చారు. కంపెనీ డాక్టరు ఏంకాదక్కను చూపించి, "ఈమె ఊపిరి వ్యాయామంతో వీళ్ళందరికీ తగ్గింది, ఈమెకూ పాత ఆందోళన జబ్బుంది, అడగండి," అన్నాడు. ఆమె లేచి నిలబడింది. "నా జబ్బు భయమే. వీళ్ళది కాదు. ఎవరికీ తగ్గలేదు. నా మాట కాదనలేక తగ్గిందన్నారు," అంది. కిటికీల మేకులు పీకారు. గాలి లాగే పెద్ద ఫ్యాను పెట్టారు. గమ్ము మార్చారు. పొడుగామె చేతుల్లోకి పట్టు చాలావరకు తిరిగొచ్చింది. పిట్టది బాగా ముదిరిన కేసు. చేతులు కుదురుకున్నాయి. కాళ్ళు మాత్రం, పాదం వేలాడకుండా ఆపే బెల్టు పట్టీలు కట్టుకుంటే తప్ప నిలవలేదు. పట్టీలతో, చేతికర్రతో, పాదాలు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచేది. పిట్ట అన్న పేరుతో అప్పట్నుంచి ఎవరూ పిలవలేదు. పిలిచే ధైర్యం లేకపోయింది.

ఇద్దరి మధ్యా గొడవేమీ జరగలేదు. పిట్ట ఒక్క మాట అనలేదు. "నీకు తెలిసింది నువ్వు చెప్పావు పెద్దమ్మా," అంది ఒకసారి. తిట్టినా బాగుండేదని పెద్దమ్మ పొడుగామె దగ్గర ఏడ్చింది.

మరుసటి ఎండాకాలం, వంటింట్లో కూరగాయలు తరుగుతూ పిట్ట కత్తి వదిలేసింది. గుండె పట్టుకుంది. పెదాల చుట్టూ తిమ్మిరంది. ఊపిరందడం లేదంది. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఉన్నట్టుండి వచ్చింది, అలలా లేచింది. పెద్దమ్మకు చూడగానే తెలిసిపోయింది. ఇది తనదే. తన ఒంట్లోంచి తీసి ఆ పిల్ల ఒంట్లో పెట్టినట్టు, అణువణువూ తనదే. ఎదురుగా కూర్చుంది, చేతులు పట్టుకుంది.

"అమ్మలూ, నన్ను చూడు. ఇది భయమేనే. నిజంగా భయమే. మెల్లగా..."

పిట్ట చేతులు లాక్కుంది.

"అప్పుడూ ఇదే అన్నావు."

కోపంగా అనలేదు. భయంతో అంది. చేతులు కూడా పోతున్నాయని, మిగిలినవి ఇవేనని, ఆ వేళ్ళ వైపే చూస్తూ అంది. ఊపిరి ఇంకా వేగమైంది. పెద్దమ్మ ఎంత చెబితే అంత ఎక్కువైంది. చివరికి ఆమె నోరు మూసుకుని వెళ్ళి బస్సు టికెట్టుకి చిల్లర వెతికింది.

సుత్తి డాక్టరమ్మ మళ్ళీ అన్నీ చూసింది. చేతుల్లో బలం బాగుంది, పరీక్షలో నరాలు మునుపటికంటే మెరుగయ్యాయి. ఇది ఆందోళన, ఇంత జరిగాక రావడం సహజం, దీనికీ వైద్యముంది అంది. ఎదురుగా కూర్చుని ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పింది. ముక్కుతో, మెల్లగా. అవే మాటలు. పిట్ట ఆవిడ మొహంలోకి చూస్తూ బుద్ధిగా చేసింది. కాసేపట్లో వేళ్ళు విచ్చుకున్నాయి. పెద్దమ్మ తెర పక్కన నిలబడి చూసింది.

పిట్ట చెప్పులు తొడుక్కుంటుండగా డాక్టరమ్మ పెద్దమ్మను పక్కకు పిలిచింది. "ప్రతిసారీ ఇంత దూరం ఎందుకు? మీకు ఇది బాగా తెలుసు కదా. ఇంట్లో మీరే చేయించండి."

"తెలుసమ్మా. కానీ నా నోటితో చెబితే అది దానికి మందు కాదు."

డాక్టరమ్మ ఆందోళనకు వైద్యం చేసేవాళ్ళ గది ఎటో చూపించి, అక్కడికి కూడా తీసుకెళ్ళమంది. తీసుకెళ్ళింది. అది వచ్చినప్పుడల్లా ఏ మాటా అనకుండా బస్సెక్కించి తీసుకెళ్తూనే ఉంది. ఫ్యాక్టరీలో ఎవరికి కళ్ళు తిరిగినా ఇప్పుడు ఆమెను పిలిస్తే వస్తుంది. నీళ్ళిస్తుంది, గాలి ఆడేచోట కూర్చోబెడుతుంది, ఆసుపత్రికి తోడెళ్తుంది. ధైర్యం చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపుతుంది.

మొన్న మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ పిట్ట బస్సులో నిద్రపోయింది. అంత భయం తర్వాత వచ్చే నిద్ర మొద్దు నిద్ర. పెద్దమ్మ తన భుజం కాస్త కిందికి దించి పెట్టింది. పిట్ట తల నిద్రలోనే అటువైపు, కిటికీ కమ్మీకి వాలింది. రోడ్డంతా గుంతలు. బస్సు ఎగిరినప్పుడల్లా కమ్మీ ఆ తలకు తగులుతోంది. పెద్దమ్మ మెల్లగా చెయ్యి చాపి, తలకీ కమ్మీకీ మధ్య తన అరచెయ్యి పెట్టింది. పిట్టకు మెలకువ రాకూడదని ఊపిరి కూడా బిగబట్టింది.